ఎడమ మూల ఆఖరికి

మా బావకి రెండు పేర్లున్నాయి. రెండూ డిపో పెట్టినవే. మొదటిది మెత్తబ్రేకు. ఆయన బస్సు ఆపితే నిలబడ్డవాళ్ళు ముందుకు తూలరు, నిద్రపోయేవాళ్ళకి మెలకువ రాదు. దిగాల్సిన చోటు దాటిపోయి ఆయన్ని తిట్టినవాళ్ళు కూడా ఉన్నారు, "కాస్త గట్టిగా తొక్కి ఉంటే లేచేవాళ్ళం కదయ్యా" అని. రెండో పేరు గురువుగారు. అది బస్సు వల్ల రాలేదు, ఫోన్లో బిళ్ళలాట వల్ల వచ్చింది.

ఆ ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. తెర మీద బొమ్మల బిళ్ళలు గుట్టలు గుట్టలుగా పేర్చి ఉంటాయి. గొడుగు, తాళంచెవి, చేప, గంట, ఆకు. పైనున్న బిళ్ళని వేలితో తాకితే అది కింద ఏడు గళ్ళున్న పట్టీలోకి జారుతుంది. ఒకే బొమ్మవి మూడు చేరితే మాయమవుతాయి. చేరకపోతే గళ్ళు నిండుతాయి. ఏడూ నిండితే ఆట పోయినట్టే. చూడబోతే చంటిపిల్లల ఆట. మా డిపోలో మీసాలున్న మగాళ్ళు ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దీని మీద పడి టీ చల్లార్చుకుంటారు.

నేను ఆ డిపోలోనే టైర్ల సెక్షన్‌లో పనిచేస్తాను. బామ్మర్ది బతకగోరు, దాయాది చావగోరు అంటారు. బతకగోరేవాణ్ణి కనక ఆయన గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. పొగడ్తలు దాయాదులకి వదిలేస్తాను.

బావ మొదట నడిపింది రోడ్డు రోలరు. అక్కకి ఆ సంబంధం వచ్చినప్పుడు మా నాన్న, "అబ్బాయి డ్రైవరా? ఎందాకా వెళ్తాడు?" అని అడిగాడు. తెచ్చినాయన నిజాయితీపరుడు. "ఎక్కడికీ వెళ్ళడండీ, ఉన్నచోటే ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు" అన్నాడు. మా నాన్నకి ఆ జవాబు తెగ నచ్చింది. ఇల్లు విడిచి పోని అల్లుడు దొరికాడనుకున్నాడు. తర్వాత బావ బస్సులకి మారాడు గానీ రోలరు నేర్పిన నిదానం మాత్రం పోలేదు. అన్నం తిన్నా అంతే, కోపం వచ్చినా అంతే. ఆయన కోప్పడ్డాడని మనకి అర్థమయ్యేసరికి ఆయన కోపం తగ్గిపోయి ఉంటుంది.

అలాంటి మనిషికి ఆ ఆట పుట్టుకతో వచ్చినట్టు వచ్చేసింది. అందరూ ఇరుక్కుపోయిన లెవెళ్ళు ఆయన చెవి గోక్కుంటూ దాటేసేవాడు. దాంతో డ్రైవర్ల విశ్రాంతి గదిలో ఆయన బెంచీ చుట్టూ గుంపు. ఆ గుంపులో ముందుండేవాడు ఆయన బస్సు కండక్టరే. ఎవరు ఎప్పుడడిగినా జేబులు తడుముకుని లేదంటాడు కనక వాడి పేరు చిల్లర.

"కనబడింది కదాని తీసెయ్యకు," అని మొదలుపెట్టేవాడు బావ. "రెండు గొడుగులు కనబడగానే టకటకా నొక్కేస్తావు. మూడోది ఏ గుట్ట అడుగునుందో నీకు తెలుసా? తెలీదు. ఆ రెండూ పిలవని చుట్టాల్లా పట్టీలో తిష్ఠ వేస్తాయి. ఇక కదిలిస్తే ఒట్టు."

"మరేం తియ్యాలి గురువుగారూ?"

"ఎత్తుగా ఉన్న గుట్టని ముందు తవ్వు. పొట్టివి ఎప్పుడైనా అయిపోతాయి. ఎత్తు గుట్ట అడుగున ఏముందో తెలిస్తేగానీ ఏది దాచాలో, ఏది తియ్యాలో తెలీదు."

పట్టీలో మూడు గళ్ళు ఎప్పుడూ ఖాళీగా ఉంచమనేవాడు. ఎందుకని ఎవరో అడిగితే, "ముందు బండికీ నీ బండికీ మధ్య జాగా ఎందుకు ఉంచుతావు? ఇదీ అందుకే" అన్నాడు. అన్నీ కలిపేసే బొత్తాం ఒకటుంటుంది, చేసిన తప్పు వెనక్కి తీసుకునే బొత్తాం ఇంకొకటుంటుంది. అవి ఉన్నాయన్న సంగతే మర్చిపొమ్మనేవాడు. ఉన్నాయని గుర్తుంటే వేలికి భయం పోతుందట. ఈ మాటలన్నీ డిపోలో సామెతలైపోయాయి. రెండు పనులు ఒకేసారి నెత్తిన వేసుకున్నవాణ్ణి, "నీ పట్టీ నిండిపోయిందిరోయ్" అని ఏడిపించేవాళ్ళు.

ఇలా ఉండగా ఒక ఆదివారం బావ తలనొప్పని పడుకున్నాడు. సాయంత్రానికి లేచి, తగ్గిందన్నాడు. ఆ వారమే ఆటకి కొత్త అప్‌డేట్ వచ్చింది. బిళ్ళల రంగులు మారాయి, బొమ్మలు మారాయి. ఆ వారం నుంచే గురువుగారు ఓడిపోవడం మొదలైంది.

మొదట నవ్వేశాడు. తర్వాత నవ్వడం మానేశాడు. చివరికి, "ఈ కొత్త దాంట్లో ఏదో మోసం ఉందిరా. ఆట చేసినవాడు ఎడమ పక్క బిళ్ళలు ముందు కనబడకుండా చేసి, పట్టీ నిండబోయేటప్పుడు బయట పెడుతున్నాడు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నేనన్నాను. ఆయన వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పైగా మోసానికి విరుగుడు కూడా కనిపెట్టాడు. "ఎడమ మూల ఆఖరికి. కుడి పక్కంతా ఖాళీ చేశాకే ఎడమ జోలికి వెళ్ళు."

గురువు నోట్లోంచి వచ్చింది కనక డిపో అంతా పాటించింది. ఎడమ మూలలో మూడు చేపలు నోరు తెరుచుకుని కూర్చున్నా ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. అందరూ ఓడిపోయేవాళ్ళు. ఓడిపోయినకొద్దీ నమ్మకం పెరిగింది. "గురువుగారికే కష్టంగా ఉంటే మనమెంత?" అనేవాడు చిల్లర, చేజేతులా పట్టీ నింపుకుంటూ. ఎడమ పక్క బిళ్ళలు తనకి మామూలుగానే కనబడుతున్నాయన్న సంగతి వాడికి తట్టలేదు. తట్టినా చెప్పేవాడు కాదు, గురుభక్తి అలాంటిది.

ఆ రోజుల్లోనే బావ బస్సు ఎడమ ముందు టైరు నా దగ్గరికి వచ్చింది. పక్క రబ్బరంతా ఫుట్‌పాత్ అంచుకి రాసుకుపోయి ఉంది. మెత్తబ్రేకు బండికి ఇలాంటి గీతలు నేనెప్పుడూ చూడలేదు. తిన్నగా వెళ్ళి అదే బస్సు రెండో షిఫ్టులో నడిపే కుర్ర డ్రైవరు మీద ఎగిరాను. వాడు ఒట్టేసి కాదన్నాడు. నేను నమ్మలేదు.

అసలు సంగతి బయట పెట్టింది అక్క. అక్క బట్టల షోరూములో ఆల్టరేషన్లు కుడుతుంది. ఎవరు ఏ జాకెట్టు తెచ్చినా ముందు తిరగేసి చూస్తుంది. పైనుంచి చూస్తే అన్ని కుట్లూ బాగానే ఉంటాయట. ఆట అంటే ఆవిడకి గిట్టదు. ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. భోజనాల బల్ల దగ్గర బావ ఆడుకుంటున్నాడు, అక్క పక్కన నిలబడి గ్లాసులు తుడుస్తూ ఫోన్లోకి తొంగి చూసింది.

"అక్కడ రెండు గొడుగులుంటే తాళంచెవి తీస్తారేంటండీ?"

"ఎక్కడ?"

"అదిగో, ఈ పక్క చివర."

"ఎడమ మూల ఆఖరికే. అది నా పద్ధతి."

"పద్ధతి సంగతి తర్వాత. గొడుగులు కనబడుతున్నాయా, లేదా?"

బావ ఫోను దగ్గరికి తెచ్చుకున్నాడు. ముఖం అటు తిప్పాడు. "ఆఁ, ఇప్పుడు కనబడ్డాయి. ఇందాక లేవు. అదే కదా నేను చెప్పే మోసం!"

అక్క గ్లాసు బల్ల మీద పెట్టింది. ఫోను తీసుకుని తలకిందులుగా తిప్పి ఆయన చేతిలో పెట్టింది. "ముఖం కదపకుండా చెప్పండి. ఏమేమున్నాయి?"

"గొడుగు. ఇంకో గొడుగు. గంట."

"తాళంచెవి?"

"తాళంచెవి లేదే."

"ఇందాక మీరు తియ్యబోయింది అదేగా. ఎటు పోయింది?"

బావ తెర మీద వేలితో వెతికాడు. తాళంచెవి తెర మీదే ఉంది, ఈసారి ఎడమ పక్కన. అక్క ఆయన్ని ఒక కన్ను మూసుకోమంది. తర్వాత రెండోది. ఏ కన్ను మూసినా అంతే. అప్పటికి కూడా బావ, "ఫోను పాతదైపోయిందే" అనే అన్నాడు. అక్క నా వంక చూసింది. నాకు ఎడమ పక్క రాసుకుపోయిన ఆ టైరు గుర్తొచ్చింది.

శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదు కదా. మర్నాడు ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాం. ఒక డాక్టరు ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడు, ఆయన స్కానింగుకి పంపాడు. చివరికి తేల్చింది ఇది: కళ్ళకి ఏ జబ్బూ లేదు. మెదడులో చూపుని అందుకునే చోట సన్నటి రక్తనాళం ఒకటి మూసుకుపోయింది. రెండు కళ్ళకీ ఎడమ సగం పోయింది.

"నాకు నల్లగా ఏమీ కనబడ్డం లేదే," అన్నాడు బావ.

"కనబడదు. లేనిదాన్ని మెదడు లేదని చెప్పదు. అక్కడేమీ లేదన్నట్టు ఊరుకుంటుంది. అందుకే మీకు ఇన్నాళ్ళూ తెలీలేదు," అన్నాడు డాక్టరు. "డ్రైవింగ్ ఇవాళ్టితో ఆపెయ్యాలి. కొంత చూపు తిరిగి రావొచ్చు, రాకపోవచ్చు. ఈలోగా తల ఎడమకి తిప్పి చూడ్డం అలవాటు చేసుకోండి."

ఆ నాలుగు మాటల్లో బావకి వినబడింది రెండే. చూపు రావొచ్చు. తల తిప్పాలి.

బస్సు తప్ప ఆయనకి ఇంకో ముచ్చట లేదు. నలుగురిలో నోరు విప్పే రకం కాదు, చుట్టాలింట్లో కుర్చీ అంచున కూర్చుంటాడు. అదే స్టీరింగు వెనక కూర్చుంటే భుజాలు విచ్చుకుంటాయి. వెనకాల అంతమంది తనని నమ్మి నిద్రపోతున్నారన్నది ఆయనకి దక్కిన ఒకే ఒక్క గొప్ప. అది పోతుందంటే మనిషి భయపడ్డాడు. భయమని చెప్పుకోవడం చేతగాక, సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని, ఆట ఆడ్డం మొదలెట్టాడు.

ఈసారి పద్ధతి వేరు. ప్రతి బిళ్ళకీ ముందు తల ఎడమకి తిప్పుతాడు, ఆ చివరి నుంచి కుడికి వరసగా చూసుకుంటూ వస్తాడు, అప్పుడు వేలు కదుపుతాడు. మొదట మెడ నొప్పి పుట్టింది. తర్వాత అలవాటైపోయింది. మళ్ళీ గెలిచాడు. ఆగిపోయిన లెవెళ్ళన్నీ ఒక్కటొక్కటే దాటాడు. పరామర్శకి వచ్చిన చిల్లర ఇది చూసి వెళ్ళి డిపోలో చెప్పాడు. జబ్బు సంగతి వాడికి తెలీదు, జ్వరమనుకున్నాడు. ఆ వారం మా విశ్రాంతి గదిలోకి ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి ఉంటే హడలిపోయేవాళ్ళు. బెంచీల మీద వరసగా కూర్చున్న మగాళ్ళందరూ ఉండుండి ఒక్కసారే ఎడమకి తలలు తిప్పుతున్నారు.

"చూశావా?" అన్నాడు బావ నాతో. "తల తిప్పితే చాలు. ఏదీ తప్పిపోవడం లేదు."

ఆయన ఎటు వస్తున్నాడో నాకు తెలుసు. ఏడాదికోసారి డిపోలో డ్రైవర్లకి చూపు పరీక్ష ఉంటుంది. అది దగ్గరికొచ్చింది. ఆ పరీక్షకి మావాళ్ళెవరూ భయపడరు, ఎందుకంటే గోడ మీది అక్షరాల పట్టిక నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అదే. పాతవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పుతారు. పెద్ద అక్షరం నుంచి చీమంత అక్షరాల దాకా అందరికీ ఎక్కాల్లా వచ్చు. క్యాంటీన్ అతను బస్సు ఎక్కడమే తప్ప నడిపినవాడు కాదు, అతనికీ వచ్చు.

పరీక్ష రోజు బావ ఇంట్లో ఉంటాడని మేమనుకున్నాం. అక్క షోరూముకి వెళ్ళాక యూనిఫారం వేసుకుని డిపోకి వచ్చేశాడు. నాకు తెలిసేసరికి ఆయన పరీక్ష అయిపోయింది, డ్యూటీ కూడా వేయించుకున్నాడు. యార్డులో తన బస్సెక్కి కూర్చుని స్టీరింగు తుడుస్తున్నాడు. నేను టైరు దొర్లించుకుంటూ పోతున్నవాణ్ణి దాన్ని అక్కడే పడేసి పరిగెత్తాను.

"దిగు బావా."

"పాసయ్యాను రా."

"కళ్ళు మూసుకున్నా పాసవుతావు. దిగు. లేకపోతే మేనేజరుకి నేనే చెబుతాను."

"చెప్పు, నిన్నాపను." ఆయన గొంతు పెంచలేదు. "ముందు నా మాట విను. ఇంట్లో ఇన్నాళ్ళూ ఊరికే కూర్చోలేదు నేను. ముందుకి, ఎడమకి, ముందుకి, ఎడమకి. ఊపిరి తీసుకున్నట్టు వచ్చేసింది. కావాలంటే చూడు. నువ్వు వెనకనుంచి ఎడమ పక్కగా నడుచుకుంటూ రా. కనబడగానే హారన్ కొడతాను. కొట్టలేదనుకో, నువ్వు చెప్పినట్టు వింటాను."

సరేనన్నాను. అప్పటికి నాక్కూడా ఆయన నెగ్గితే బాగుండుననే ఉంది. బస్సు వెనక్కి వెళ్ళి ఎడమ పక్కగా నడిచాను. నేను తలుపు దాకా వచ్చానో లేదో ఆయన తల ఇటు తిరిగింది, వెంటనే హారన్ మోగింది. యార్డులో ఒకరిద్దరు తిరిగి చూశారు. బావ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

"మళ్ళీ," అన్నాను.

రెండోసారి దొంగలా నడవలేదు. పరిగెత్తలేదు. బస్సు దిగి ఇంటికి పోయే మనిషి ఎలా నడుస్తాడో అలా నడిచాను. కిటికీల్లోంచి బావ తల కనబడుతోంది. ముందుకి చూశాడు. ఎడమకి చూశాడు, నేనింకా వెనక చక్రం దగ్గరున్నాను, అద్దంలో పడలేదు కాబోలు. మళ్ళీ ముందుకి చూశాడు. ఆ చూపు రోడ్డు మీద ఎంతసేపు నిలవాలో అంతసేపే నిలిచింది, ఎక్కువేం కాదు. అంతలో నేను తలుపు దాటాను, ముందు చక్రం దాటాను, మలుపు తిరిగి ఎడమ హెడ్‌లైటు ముందుకి వచ్చి నిలబడ్డాను. చెయ్యి చాపితే బంపరు తగులుతుంది. ఆయన తిన్నగా ఎదురుగా గేటు వైపు చూస్తున్నాడు. ముఖంలో శ్రద్ధ తప్ప ఏమీ లేదు. బడిలో మొదటి బెంచీ పిల్లాడిలా ఉన్నాడు.

హారన్ మోగలేదు.

"బయల్దేరావా?" అని కేకేశాడు బావ.

"వచ్చేశాను బావా," అన్నాను.

ఆయన తల నా గొంతు వైపు తిరిగింది. నన్ను చూశాడు. నేనెక్కడున్నానో, బంపరు ఎక్కడుందో చూశాడు. మళ్ళీ చెయ్యమంటాడనుకున్నాను, అనలేదు. రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి, తాళంచెవి బయటికి లాగాడు. నేను బస్సు ముందు నుంచి ఆయన కిటికీ కిందకి వెళ్ళాను.

"ఫోన్లో బిళ్ళలు నేను చూసేదాకా ఆగుతాయిరా," అన్నాడు. "నువ్వు ఆగలేదు."

చిల్లర టికెట్ల మిషను భుజాన తగిలించుకుని వచ్చాడు. "గురువుగారూ, వచ్చేశారా! జ్వరం తగ్గిందా? స్టాండులో జనం చూస్తున్నారు, తీద్దామా?"

"ఈ బస్సుకి ఇంకో డ్రైవర్ని వేయించుకో నాయనా," అని బావ తాళంచెవి వాడి చేతిలో పెట్టాడు. చిల్లర ముఖం వెలవెలబోయింది. ఏమైందని నన్నడిగాడు. నాకు ఏడుపొస్తోంది, తర్వాత చెబుతానన్నాను.

బావ బస్సు దిగి పరీక్ష జరుగుతున్న గది వైపు నడిచాడు, నేను వెనకాలే వెళ్ళాను. బయట ఇంకా వరసలో డ్రైవర్లున్నారు. దారి ఇచ్చారు. లోపల డాక్టరు తలెత్తి, "మీది అయిపోయిందిగా?" అన్నాడు.

"అయిపోలేదు సార్. నాకు ఎడమ పక్క చూపు లేదు."

డాక్టరు నవ్వాడు. "అన్ని వరసలూ గడగడా చదివారు కదండీ ఇందాకే. చివరి వరస నాకే సరిగ్గా కనబడదు."

బావ వాదించలేదు. వెనక్కి తిరిగి, గోడ మీది పట్టికకి వీపు పెట్టి, తలుపు వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. రెండు కళ్ళూ మూసుకున్నాడు. పై అక్షరం నుంచి మొదలుపెట్టి, తన బస్సు నడిపినంత నిదానంగా, చివరి వరస దాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివాడు. తలుపు దగ్గరున్న డ్రైవర్లందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు.